ఏ మందు మింగుతున్నవ్ సారూ?

నేను మాదిగోణ్ణి. సర్కారు బడి పంతుల్ని. రోజూ రాత్రి లిథియం గోలీలు మింగుతా.

ఈ మూడు మాటలల్ల మొదటిది తల ఎత్తి చెప్పుడు నాకు దండోరా నేర్పింది. 1994 జూలై 7న ఈదుమూడిల మోగిన డప్పు మా పేర్ల చివర మా కులాన్ని మేమే రాసుకునే ధైర్యమిచ్చింది. రెండోది మా అవ్వ బీడీలు చుట్టి సంపాదించి పెట్టింది. మూడోది చెప్పనీకి నాకు ఏండ్లకేండ్లు పట్టింది. దాచిపెడితే చస్తనని తెలిసినంకనే చెప్తున్న.

2022 ఏప్రిల్. ఒంటిపూట బడులు. మోకాలు నొప్పికి మందుల దుకాణంల అడిగి గోలీలు తెచ్చుకొని నాలుగు రోజులు మింగిన. అసొంటి నొప్పి గోలీలు లిథియాన్ని ఒంట్ల నుంచి పోనియ్యవని, చెమట పట్టి నీళ్లు తగ్గితే రక్తంల లిథియం పెరిగి విషమైతదని అప్పటిదాక నాకు ఎవ్వలు చెప్పలె. రెండు నిమిషాలల్ల చీటీ రాసే డాక్టర్లకు ఆ ఒక్క మాట చెప్పే తీరిక దొరకలె. ఐదో రోజు చేతిల చాక్‌పీసు నిలువలె. బోర్డు మీద అక్షరాలు పురుగుల లెక్క పాకినయి. నాలుక మడతవడ్డది. వరండాల కక్కుకొని కూలవడ్డ.

"పొద్దున్నే ఏసుకొచ్చిండు" అన్నడు ఒక సారు. "ఎన్ని ఉద్యోగాలిచ్చినా వీళ్ల అలవాటు పోదు" అన్నడు ఇంకో సారు. మూడో సారు ఫోను తీసి వీడియో పట్టిండు. ముగ్గురూ చదువుకున్నోళ్లే. నా వణుకుల వాళ్లకు రోగం కనవడలె, కులం కనవడ్డది. మధ్యాహ్న భోజనం వండే అక్క ఉరికొచ్చి నా మూతి కాడ వాసన చూసింది. "సారు తాగలె. సారుకు పానం బాగలేదు. ఆటో పిలువుండ్రి" అని ఒర్రింది. నిజామాబాద్ దవాఖానల పడేస్తే బతికిన.

డాక్టరు కంటె ముందు కులం వచ్చి నా రోగం పేరు రాసింది. ఇంకో గంట ఆలస్యమైతే తాగి చచ్చిండని రాసుకునేటోళ్లు.

మా దిక్కు 'మందు' అంటే నాలుగు తీర్లు. సీసాల పోసేది మందే. పంటకు కొట్టేది మందే. పగోడు అన్నంల కలిపి పెట్టిండనేది మందే. దవాఖానల ఇచ్చేదీ మందే. మొదటి మూడు మందులు అడగకున్నా మా వాడకు వచ్చినయి. నాలుగోది అడిగినా రాలె.

మా నాయిన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీకి పోయే చెరుకు కొట్టిండు. 1937ల పెట్టిన ఫ్యాక్టరీ. ఆసియాలనే పెద్దదని గొప్పగ చెప్పుకునేటోళ్లు. 2002ల ప్రైవేటోళ్ల చేతిల పెట్టిండ్రు, 2015 డిసెంబరుల మూతవెట్టిండ్రు. పనున్న దినాలు ఒళ్లునొప్పులకు కల్లు, పని లేని దినాలు రందికి కల్లు. ఆ కల్లుల చెట్టు నుంచి దిగింది ఎంత? కలిపింది అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్. మోకు కట్టి చెట్టెక్కే గౌడన్నను నేను అంటలేను. చెట్లకు మించిన కల్లును పీపాలల్ల నింపి అమ్మే యాపారులను అంటున్న. అల్ప్రాజోలం, డైజిపాం డాక్టరు చీటీ మీదనే ఇయ్యాల్సిన మందులు. మా నాయిన ముప్పై ఏండ్లు చీటీ లేకుంట, ఎంత తాగుతున్నడో తెల్వకుంట వాటిని తాగిండు. ఆయనను ఎవ్వలు మెంటలోడు అనలె. చీటీ మీద, లెక్క తోటి మింగే నన్ను అన్నరు.

2015 సెప్టెంబరుల కల్తీ కల్లు మీద దాడులు జరిగినయి. సరఫరా ఆగంగనే నిజామాబాద్ సర్కారు దవాఖానకు జనం వరుసకట్టిండ్రు. వణుకుడు, ఫిట్స్, మతి తప్పి మాట్లాడుడు. అండ్ల కూలినాలి చేసుకునేటోళ్లే ఎక్కువ. అసొంటి మందు ఒక్కసారి బంద్ చేస్తే పానం మీదికొస్తదని ఏ డాక్టరునడిగినా చెప్తడు. దాడులు చేసేటందుకు ఉన్న తయారీ, మనుషులను కాపాడేటందుకు ఎందుకు లేకపాయె? 2025 జూలైల కూకట్‌పల్లిల గదే కల్తీ కల్లు తాగి మల్ల మనుషులు చచ్చిండ్రు.

ఇగ నా సంగతి. 2012ల బీఎడ్ చదువుతుంటె నాకు నిద్ర పోయింది. ఆకలి పోయింది. నాలుగు రాత్రులు చెరుకు తోటల పొంటి ఉరికిన. గాలి సోకిందన్నరు, ఎవలో మందు పెట్టిండ్రన్నరు. ఎడ్లను కట్టే తాడుతోని మంచానికి కట్టిండ్రు. ఆ మచ్చలు ఇంకా ఉన్నయి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిల గొలుసులతోని కట్టేసిన 28 మంది మంటలల్ల కాలిపోయిన సంగతి చదివిన రోజు, ఆ మచ్చలను చానాసేపు తడుముకున్న. అప్పు చేసి హైదరాబాద్ తీసుకపోయినంక తెలిసింది, నాది బైపోలార్ రోగమని. లిథియం ఒక ఉప్పు. ఈ రోగానికి పనికొస్తదని 1949ల జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు రాసిండు. ఆ ఉప్పు తిని నేను బీఎడ్ పాసైన, ఉద్యోగం తెచ్చుకున్న.

ఇప్పుడు మనోళ్లతోని మాట్లాడాలె. 2016 జనవరి 17న రోహిత్ వేముల పోయినంక, అది ఆత్మహత్య కాదు, వ్యవస్థ చేసిన హత్య అన్నం. ఆ మాట మీద నేను ఇయ్యాల్టికీ నిలబడ్డ. అయితే ఆ దినాలల్లనే ఒక అన్న నాతోని అన్నడు: "తమ్మీ, నీది రోగం కాదు, కులం చేసిన గాయం. గోలీలు మింగి మొద్దువారితే ఎట్ల కొట్లాడుతవ్?" మాట ఇంపుగనే ఉండె. గోలీలు మోరీల పారేసిన. రెండు నెలలకు మల్ల నిద్ర పోయింది. నడిరాత్రి అంబేద్కర్ విగ్రహం ముందల నిలబడి ఒక్కణ్ణే ఉపన్యాసాలిచ్చిన. అవ్వ పుస్తెలు కుదవపెట్టి నన్ను దవాఖానల చేర్చింది. ఆ అన్న చూడనీకి గూడ రాలె.

అన్నా, గాయమన్నది నిజమే. కాలు ఇరగ్గొట్టినోణ్ణి జైల్ల పెట్టాలె. కాలుకు కట్టు కూడా అదే రోజు కట్టాలె. కొట్టినోనికి శిక్ష పడేదాక కట్టు వద్దంటే మంచంల పడేది మనం, తిరిగేది వాడు. బాబాసాహెబ్‌కు షుగర్ ఉండె, ఇన్సులిన్ తీసుకునేటోడు. సూది తీసుకున్నడని ఆయన కొట్లాట తక్కువైందా? ఇయ్యాల బోధన్‌ల షుగర్ గోలీ మింగేటోడు చాయ్ హోటల్ల కూసొని బాజాప్తా చెప్పుకుంటడు. నేను మాత్రం నా గోలీలను విటమిన్ డబ్బల దాస్తున్న.

లిథియం అమృతమని నేను చెప్తలేను. చెయ్యి వణుకుతది, దూప ఆగదు, ఒళ్లు పెరుగుతది. మూత్రపిండాలు, థైరాయిడ్ చూపించుకుంట ఉండాలె. రక్త పరీక్షకు నేను ప్రైవేటు ల్యాబుల పైసలు కడుతున్న. జీతమున్నది గనుక కడుతున్న. చెరుకు కొట్టేటోడు యాడికెళ్లి కడతడు? మనకు మత్తు వద్దు, మందు కావాలె. మందుతోపాటు దాని మంచిచెడ్డలు చెప్పే డాక్టరూ కావాలె.

ఇది దయ కాదు. 2018 మే 29 నుంచి అమలైన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతోని కట్టుడు నిషేధించింది. మనిషి సామాజిక హోదాను చూసి రోగాన్ని నిర్ణయించొద్దన్నది. సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై సర్కారు దవాఖానలన్నిట్ల అత్యావశ్యక జాబితాలోని మందులు ఎప్పుడూ ఉచితంగా ఉండాలన్నది. అట్రాసిటీ చట్టాన్ని చదువుకున్నట్టే విద్యార్థి సంఘాలు ఈ చట్టాన్ని చదువుకోవాలె. ధర్నా కరపత్రంల ఒక్క లైనన్నా రాయాలె.

దవాఖాన నుంచి వచ్చినంక ఆ వంట అక్క మెల్లగ అడిగింది. "ఏ మందు మింగుతున్నవ్ సారూ? మా తమ్ముణ్ణి మూడేండ్ల సంది ఇంట్ల కట్టేసి ఉంచినం." ఇద్దరం కలిసి అతణ్ణి తీసుకపోయినం. డాక్టరు చూసి చీటీ రాసిండు. మందులిచ్చే కిటికీ కాడ "స్టాక్ లేదు" అన్నరు.

ఆ చీటీకి నేను బయట మందు కొనిచ్చిన. వచ్చే నెల కొనను. చట్టం కాయితం పట్టుకొని ఆ కిటికీ కాడ కూసుంట. నా డబ్బ మీద విటమిన్ కాయితం చింపేసి పోత. మీరూ రండి.