చీటీలో లేని పని

నాకు పనులు గుర్తుండవన్నది మా ఇంట్లో పాత నేరమే. కరెంటు బిల్లు గడువు దాటాక కడతాను. శుభలేఖలు పెళ్ళిళ్ళయ్యాక దొరుకుతాయి. ఈ బాధ చూడలేక, క్రిస్మసు సెలవులకు వచ్చిన మా అబ్బాయి నా చేతిలో ఒక పుస్తకం పెట్టాడు. డేవిడ్ అలెన్ అనే అమెరికా ఆయన 2001లో అచ్చువేయించినది. సారాంశం ఇంతే: చేయవలసినవన్నీ బుర్రలోంచి తీసి కాగితం మీద పెట్టు, ఒక్కొక్కదానికీ ముందుగా వేయవలసిన అడుగేమిటో రాసుకో, రెండు నిమిషాల్లో అయ్యేదైతే అప్పుడే చేసెయ్యి, వారానికోసారి కూర్చుని మొత్తం చూసుకో.

ఒక శనివారం కూర్చుని రాశాను. 93 పనులు తేలాయి! నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. ఆ నెల బిల్లులు వేళకు కట్టాను. మా ఆవిడ మెచ్చుకుంది కూడాను. అది మా ఇంట్లో అరుదైన సంఘటన.

చిక్కేమిటంటే, ఆ 93లో ‘ఉదయ ప్రార్థన’ కూడా వుంది. ఆమెన్ అనగానే పక్కన టిక్కు పెట్టేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆమెన్ కంటే ముందే పెన్సిలు చేతిలోకి వచ్చేది.

‘అమ్మకు ఫోను, ఆదివారం 4 గంటలకు’ అని ఇంకొకటి. మా అమ్మకు 84 ఏళ్ళు. బాపట్ల దగ్గర పల్లెలో వుంటుంది, ఇల్లు వదిలి రానంటుంది. ఆమెను అడగవలసినవి కూడా కింద వరసగా రాసుకున్నాను: మందులు, మోకాళ్ళు, వంటింటి కప్పు. ఒక ఆదివారం ఆమె పక్కింటివాళ్ళ మేక సంగతేదో చెబుతూంటే, మధ్యలో అందుకుని, “సరేగాని అమ్మా, మందులు వేసుకుంటున్నావా?” అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

“ఏరా, చూసి చదువుతున్నావా?” అంది.

కోపంగా అంటే బాగుండేది.

సంగతి విని మా సంఘ పెద్ద ఒకాయన, “అందుకే లోకజ్ఞానం మనకొద్దనేది, తమ్ముడూ” అన్నారు. నేనొప్పుకోలేదు. 6వ శతాబ్దంలో ఇటలీలో బెనడిక్టు తన మఠవాసులకు రోజంతా వేళలు కట్టి నియమావళి రాశాడు. 18వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డులో జాన్ వెస్లీ బృందం పద్ధతి పద్ధతి అంటూంటే, తోటివాళ్ళు వేళాకోళానికి ‘మెథడిస్టులు’ అని పేరు పెట్టారు. ఆ పేరే చివరకు ఒక పెద్ద సంఘానికి నిలిచింది. పద్ధతి మన ఇంటిదే. (ఫ్రాంక్లిన్ మహాశయుడు 13 సుగుణాలకు గళ్ళ పుస్తకం పెట్టి, అన్నిటికంటే ‘క్రమం’తోనే ఎక్కువ అవస్థ పడ్డానని ఒప్పుకున్నాడు. నాకు ఆయనంటే అందుకే అభిమానం.)

అయితే ఆ బెనడిక్టే ఇంకొకటి కూడా రాశాడు. ప్రార్థన పిలుపు వినబడగానే చేతిలో వున్నది ఏదైనా సరే, సగంలో వున్నా సరే, వదిలి వెళ్ళాలట. సగం పని వదలడమంటే నాబోటివాడికి ప్రాణం మీదికొస్తుంది.

మార్కు సువార్త అయిదో అధ్యాయం మళ్ళీ తీశాను. యాయీరు కూతురు చావుబతుకుల్లో వుంది. ప్రభువు ఆ ఇంటికే బయలుదేరాడు. అంతకంటే తొందర పనేముంటుంది? దారిలో, పన్నెండేళ్ళుగా జబ్బుతో వున్న ఒక స్త్రీ జనంలోంచి ఆయన వస్త్రం తాకింది. ఆయన ఆగాడు. ఎవరు తాకారని అడిగాడు, ఆమె చెప్పుకున్నదంతా విన్నాడు. పక్కన నిలబడ్డ ఆ తండ్రి గుండె ఎలా కొట్టుకుందో! ఆ మాటలు సాగుతూండగానే పిల్ల పోయిందన్న కబురు కూడా వచ్చింది. అయినా ఆయన ఆ ఇంటికి వెళ్ళాడు, పిల్లను లేపాడు. నా చీటీ పద్ధతిలో ఆ స్త్రీకి చోటెక్కడుంది?

చీటీ పారెయ్యలేదు. పారేస్తే ఆ ఫోను కూడా మరిచిపోతాను, నా సంగతి నాకు తెలుసు. ప్రార్థనను మాత్రం లెక్కలోంచి తీసేశాను. శనివారం సాయంత్రం చీటీ ముందు పెట్టుకుని ఒక్కొక్క పనే చెప్పుకుంటూ ప్రార్థిస్తాను. చీటీ నెత్తిన ‘ప్రభువు చిత్తమైతే’ అని రాస్తున్నాను; మా తాతగారు కార్డుముక్క రాసినా అలాగే రాసేవారు. అమ్మ పేరు కింద ప్రశ్నలు కొట్టేశాను.

మొన్న ఆదివారం మేక ఈనిన సంగతి మొదలుకొని నలభై నిమిషాలు మాట్లాడింది. నేను వింటూనే వున్నాను. పెట్టేసే ముందు తనే అంది:

“మోకాళ్ళ సంగతి అడగలేదేం? చీటీ పోయిందా?”