ఆరుసెంట్ల పెరడు

పెరటిచెట్టు మందునకు పనికిరాదని మనవారు సామెత చెప్పుదురు. చేతికందిన వస్తువును చులకన చేయు మనుష్యస్వభావమునకు అది యెత్తిపొడుపు. సామెత పుట్టిననాడు పెరడు లేని యిల్లు అరుదు గనుక ఆ యెత్తిపొడుపు అందఱికిని తగిలెను. నేడు మన పట్టణములలో అది యెవరికి తగులును? గడచిన రథసప్తమినాడు మా వీథిలో చిక్కుడాకులను కట్టలు కట్టి అమ్మిరి. నేనును కొంటిని. సూర్యునకు పరమాన్నము నివేదించుటకు పిడికెడాకులకు వెల యిచ్చి యింటికి వచ్చితిని. చిక్కుడాకును బజారున అమ్ముదురని నా బాల్యమున మా తాతగారితో నెవరైన చెప్పియుండినచో, ఇక గాలిని గూడ తూచి అమ్ముదురు కాబోలునని యాయన నవ్వియుండును.

ఇది పండుగనాటి ముచ్చట యని త్రోసివేయవలదు. పట్టణమున అద్దెయింట నివసించు గృహస్థునకు ఒక కొత్తిమీర మడి చల్లుకొనుటకు నేల లేదు. మేడపై కుండీలు పెట్టుకొమ్మని సలహా చెప్పువారు కలరు. ఉద్యానశాఖలవారు మేడతోటల సామగ్రిని రాయితీపై ఇచ్చిన సందర్భములును కలవు. కాని మేడ యెవరిది? దాని తాళపుచెవి యెవరి మొలనున్నది? రెండుగదుల వాటాలో నుండువానికి మేడతోట రాయితీ యిచ్చుట బట్టతలవానికి దువ్వెన బహూకరించుటయే.

మా పేటలో లేఔటు వేసిననాడు సర్వజనోపయోగమునకై విడిచిన స్థల మొకటి కలదు. అది అర్ధయెకరమునకు తక్కువ కాదు. అందు సర్కారుతుమ్మ బలిసి, దాని నీడను పందులును, దాని చాటున సీసాలును చేరినవి. క్రిందటి యేడు పేటవారము పదునొకండుగురము కలిసి, ఆ స్థలమున ఒక వైపును చిన్నచిన్న మడులుగా కొలిపించి, సంవత్సరమున కింతయని అద్దె గైకొని, కూరగాయలు పండించుకొన ననుమతింపుడని పురపాలకులకు అర్జీ పెట్టుకొంటిమి. ఆ పదునొకండుగురిలో ఇద్దఱు బడిపంతుళ్లు, ఒక దర్జీ, రైల్వేయుద్యోగము విరమించిన పెద్దమనిషి, కుట్టుపనితో బిడ్డలను పోషించుకొను ఒక యమ్మ, ఒక యింటి కావలివాడు ఉండిరి. అర్జీ వ్రాసినవాడను నేను. పలుమారులు తిరిగిన పిమ్మట ఒక యుద్యోగి మమ్ము కూర్చుండబెట్టి మర్యాదగనే చెప్పెను: "పార్కునకు నిబంధన యున్నది, దుకాణములకు నిబంధన యున్నది. మీ బీరపాదునకు నిబంధన లేదండీ."

నాకు మండిపోయినది. ఇరువదియేండ్లుగా న్యాయస్థానములలో నిలుచున్నవాడను. లేని నిబంధనను వెదకి తీయుట నా వృత్తి యని లోలోన అతిశయించితిని. ఇంటికి వచ్చి పుస్తకములు తిరగవేసితిని. తిరగవేసినకొలది కోపము తగ్గి సిగ్గు పెరిగెను. ఆయన చెప్పినది నిజము.

ఆంధ్రప్రదేశమున 2017 నాటి లేఔటు నిబంధనలు నూటికి పదివంతుల స్థలమును బహిరంగస్థలముగా విడువవలెనని విధించినవి. అట్టి స్థలము కాజేయబడకుండుటకు సుప్రీముకోర్టువారు 1991లో బెంగుళూరు మెడికల్ ట్రస్టు వ్యాజ్యమున గట్టి తీర్పు చెప్పియున్నారు. పార్కునకై కేటాయించిన స్థలమును ఖాసగీ ఆసుపత్రికి ఇచ్చినప్పుడు ఆ పేటవాసులు న్యాయస్థానమున కెక్కిరి. పార్కు ప్రజలందఱిదనియు, కొందఱి పాలు చేయుట చెల్లదనియు తేలినది. ఆ తీర్పును నేను న్యాయమూర్తుల యెదుట చదివి వినిపించినవాడనే. ఇప్పుడు పదునొకండుగురికి మడులు కట్టించి కంచె వేసికొనుట, కొలత చిన్నదే కావచ్చును గాని, ఆ తీర్పునకు ఎదురు నడుచుటయే యగును. ఈనాడు బీరపాదునకు సడలించిన త్రాడు ఱేపు కల్యాణమంటపమునకు సడలును. కావున పార్కును మాకిండని అడుగుట తప్పు. మేము తప్పు అర్జీ పెట్టుకొంటిమి. మేము పోవలసిన చోటు పురపాలకుని గది కాదు, శాసనసభ.

ఇట్టి శాసనము గగనకుసుమ మందురా? ఇంగ్లండులో నూఱేండ్లకు పైబడి నడచుచున్నది. ఇంగ్లండు పేరెత్తగనే కొందఱు ముఖము చిట్లింతురు, కొందఱు చేతులు జోడింతురు; రెండును వలదు. ఆ శాసనము దయాధర్మముల వలన పుట్టినది కాదు. 1604 మొదలు 1914 వఱకు ఆ దేశపు పార్లమెంటు 5,200కు పైబడిన శాసనములతో, పల్లెలందలి ఉమ్మడి బీళ్లను ఉమ్మడి పొలములను కంచెలు వేయించి వేర్వేరు కమతములు చేసెను. అట్లు చేరిన భూమి 68 లక్షల యెకరములు, ఇంగ్లండు విస్తీర్ణమున అయిదవవంతు. తన ఆవును మేపుకొన్న బీదవానికి ఆ బీడు పోయినది. 1649లో విన్‌స్టాన్లీ యను నతడును అతని సహచరులును సర్రీ మండలమున ఒక గుట్టమీది బీటినేలను త్రవ్వి క్యారెట్లు, చిక్కుళ్లు వేయగా కొలదినెలలలోనే తఱిమివేసిరి. తరువాత రెండువందల యేండ్లకు, 1845 శాసనమున, కంచె వేసిన నేలలో కొంత కూలివారి తోటలకు విడువవలెనని వ్రాసిరి. తరువాతి పాతికేండ్లలో ఆరులక్షల యెకరములకు పైగా కంచెలు పడగా తోటలకు విడిచినది మూడువేల యెకరములైనను లేదు. ఆవును చంపి చెప్పులు దానము చేయుట యన నిదియే. ఆ చెప్పులును కొలతకు చాలలేదు.

అయితే చెప్పులు లేనివాడు ఊరకుండలేదు. కూలివారికి ఓటు వచ్చినది. ఓటు వెంట 1887లో ఒక శాసనమును, 1908లో దానికంటె బలమైన శాసనమును వచ్చినవి. 1908 శాసనములోని మాట యొకటి నన్ను నిద్రపోనీయలేదు. ఊరిలో ఓటున్నవారు గాని పన్ను చెల్లించువారు గాని ఆరుగురు కలిసి మాకు తోటమడులు కావలెనని వ్రాసి యిచ్చినచో స్థానికసభ దానిని ఆలోచింపక త్రోసివేయ వీలులేదు. అక్కర యున్నదని తేలినచో నేల సమకూర్చుట దాని విధి. మేము పదునొకండుగురము పోయితిమి. అచ్చట ఆరుగురు చాలుదురు!

మడి కొలత మన లెక్కలలో చెప్పెదను. అచ్చట వాడుకలోని పూర్తిమడి పది 'రాడు'లు. అనగా మూడువందల చదరపుగజములకు కొంచె మెక్కువ, మన ఆరుంబాతిక సెంట్లు. 1922 శాసనము పాతిక సెంట్లకు మించరాదని పైహద్దు పెట్టి, పండించినది ముఖ్యముగా తనకును తన కుటుంబమునకును వాడుకొనుటకే కావలెనని చెప్పినది. అనగా అది వ్యాపారము కాదు, దానము కాదు, పెరడు. అద్దె న్యాయమైనంతయే పుచ్చుకొనవలెను. మడి ఖాళీ చేయింపవలెనన్న సామాన్యముగా సంవత్సరము ముందు తాఖీదు ఇయ్యవలెను. అదియు పంట నేలలో నున్న నడివేసవిలో గడువు తీరకూడదు. నేలలో మిగిలిన పంటకు వెల కట్టి యియ్యవలెను. మడి బీడు పెట్టినవానిని మాత్రము లేపివేసి, వరుసలో వేచియున్నవానికిత్తురు. ఇందుకొఱకే కొనిన నేలను అమ్మవలెనన్న 1925 శాసనము ప్రకారము మంత్రి యనుమతి కావలెను. మన కౌలుచట్టములతో తలలు బద్దలు కొట్టుకొన్న వకీళ్లు ఈ నాలుగు నియమములను మఱల చదువవలెనని నా మనవి.

1939లో యుద్ధము వచ్చినప్పుడు ఆ ప్రభుత్వము విజయమునకై త్రవ్వుడని చాటగా, లండను కోట చుట్టునున్న అగడ్తలో సయితము కూరలు వేసిరి. యుద్ధకాలమున మడులు పదునాలుగు లక్షలకు పెరిగినవి. మన దేశమునను ఆహారపుకొఱత నాళ్లలో రాజాజీ గవర్నరు జనరలుగా నున్నప్పుడు తన భవనపు ఆవరణలో కొంతభాగమును దున్నించి గోధుమ వేయించెను. భేదమేమన, అచ్చట అగడ్త పోయినను శాసనము మిగిలినది; ఇచ్చట రాజాజీ పోవుటతో గోధుమయు పోయినది. పెద్దల యాదర్శము వారి పదవీకాలమంతయే బ్రదుకును.

అచ్చట అంతయు స్వర్గమని నేననను. యుద్ధానంతరము లక్షలకొలది మడులు ఇండ్లక్రింద పోయినవి. నేడు మిగిలినవి మూడులక్షల పైచిలుకు. వరుసలో వేచియున్నవారు లక్షకు మించుదురు, ఏండ్ల తరబడి వేచువారును కలరు. లండను నడిమిభాగమున నేల సమకూర్చుట విధి కాదు, ఇష్టము. 2025లో మంత్రిణి యొకతె ఎనిమిది తోటల విక్రయమునకు అనుమతి యిచ్చినదని తెలిసి పెద్ద యలజడి రేగినది. ఆ యలజడియే నాకు ముఖ్యము. అనుమతి కావలసి వచ్చినది గనుక సంగతి బయటపడినది. బయటపడినది గనుక అలజడి రేగినది. మన ఊరిలో ఒక ఖాళీస్థలము మాయమైనచో ప్రారంభోత్సవపు పందిరి వేయువఱకు ఎవ్వరికిని తెలియదు.

ఇక ఆక్షేపణలు. బజారున కూరలు చవుకగా దొరకుచుండగా గుమాస్తాకు గడ్డపార యేల యందురు. కూలి కట్టి చూచినచో మడివానికి లాభము లేదని నేనే యొప్పుకొందును. కాని పిల్లవానికి బడి ఫీజు కట్టుచు, వాడు చిత్రలేఖనము నేర్చినందువలన లాభమెంత యని లెక్క చూచెదమా? ఇంతకును గడ్డపార యెవరికి కొత్త? మా అర్జీపై సంతకము చేసిన కావలివాని తండ్రి పల్లెలో పరుల పొలమున ముప్పదియేండ్లు నారు పోసెను. కొడుకు పట్టణమునకు వచ్చి యెవరి గేటుకడనో కుర్చీలో కూర్చున్నాడు. తోటకూర యే కార్తెలో చల్లవలెనో, పొట్లపాదునకు రాయి యెప్పుడు కట్టవలెనో మా బడిపంతుళ్లకు తెలియదు, వానికి తెలియును. ఆ విద్య వానితో నంతరించుచున్నది. మా పదునొకండుగురిలో ఆనాడు గురువు కాగలవాడు అతడొక్కడే. ఆ మాట కార్యాలయమున ఎవ్వరును అడుగలేదు, మేమును చెప్పలేదు.

నీటిమాట మాత్రము గట్టి యాక్షేపణ. త్రాగుటకే కుళాయి చాలనప్పుడు పాదులకెక్కడిది? దీనికి నాకడ మంత్రము లేదు. వానకాలమును, శీతకాలమును పండించి, వేసవి రెండునెలలు మడులను ఎండనిండు. మెట్టరైతు చేయునది అదియే. మురుగునీరు మాత్రము పెట్టనీయరాదు. మూసీ దిగువను మురుగునీటితో గడ్డియు కూరలును పండించుట మనమెఱిగినదే. ఆ పాపము మనము నెత్తిని వేసికొనరాదు. ఇది శాసనములోనే వ్రాయవలెను.

మఱియొక వైపున, హైదరాబాదు పరిసరముల ఖాసగీవారు తోటమడులను నెల యద్దెల కిచ్చుచున్నారు. కలవారు ఆదివారమున కారులో పోయి, పనివారు పెంచిన వంకాయలను కోసి, ఛాయాచిత్రము తీయించుకొని వత్తురు. వారిని నిందింపను; ఆ కోరిక మంచిదే. కాని నేలమీది మమకారము సయితము సరకై అంగడికెక్కి, కారు లేనివానికి దూరమగుచున్నది. పురపాలకులు చేయనిదానిని వర్తకుడు చేయును. తన ధరకు చేయును.

శాసనము చేయుటకు అధికారము లేదందురేమో. రాజ్యాంగమునకు 1992లో జరిగిన సవరణతో చేరిన పండ్రెండవ షెడ్యూలులో పట్టణసంస్థలకు అప్పగింపదగిన పదునెనిమిది విషయములలో పార్కులు, తోటలు, ఆటస్థలములు ఉన్నవి. తోటలు వేఱుగనే వ్రాయబడినవి. తెలంగాణమున 2019 పురపాలకశాసనమైతే ఆదాయవ్యయపట్టికలో పదియవవంతు పచ్చదనమునకు కేటాయింపవలెననియు, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రదుకకున్న వార్డుసభ్యుని పదవికే ముప్పనియు వ్రాసినది. చెట్టునకై సభ్యుని పదవిని తాకట్టు పెట్టగలిగిన శాసనకర్తలకు ఆనపపాదునకు ఆరుసెంట్లు వ్రాయుట కష్టమా?

మేము కోరునది స్వల్పము. పార్కుల జోలికి పోవలదు. ఇకమీద వేయు లేఔటులలో పదివంతులకు పైని ఒక వంతు తోటమడులకై వేఱుగ విడిపింపుడు. పాతపేటలలో పురపాలకసంస్థలకు గల ఇతర ఖాళీనేలల జాబితా ప్రకటింపుడు. ఆరుగురు అడిగినచో ఆలోచించుట విధి చేయుడు. మొదటి వంతు అద్దెయిండ్లవారికిండు. ఆరుసెంట్లు లేకున్న ఒక సెంటు. సెంటు నేలలో రెండు పందిళ్లు, నాలుగు ఆకుకూరమడులు పట్టును. ఇంగ్లండువలె తాఖీదు గడువును, పంటకు పరిహారమును వ్రాయుడు. అద్దె బాకీ పడినవానిని, బీడు పెట్టినవానిని లేపుడు. మడిమీద షెడ్డు వేసినచో ఆనాడే తీసివేయుడు. మన పట్టణములలో షెడ్డు మరునాటికి ఇల్లగును, ఇల్లు మూడవనాటికి ఓటగును.

పాత అర్జీని ఉపసంహరించుకొంటిమి. క్రొత్తది మా శాసనసభ్యునికి వ్రాసితిమి. ఈసారి పార్కు మాట లేదు. ప్రతి యొకటి మా పఠనాలయమున వార్తాపత్రికల బల్లమీద నున్నది. మొదటి సంతకము కావలివానిది. దాని క్రింద ఇప్పటికి నలుబదిమూడు చేరినవి. కాగితము వెనుకవైపు ఇంకను ఖాళీగా నున్నది. కలము దారముతో కట్టియున్నది.