కారు కింద తడిని తేలిగ్గా తీసుకోకండి

పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గు వేసేది మనమే కనుక, ఇంటి ముందున్న కారు కింద తడిని మొదట చూసేదీ మనమే. ఏసీ నుంచి కారే నీళ్లయితే భయం లేదు. వాటికి రంగూ, జిడ్డూ ఉండవు. అదే పచ్చగానో, గులాబీ రంగులోనో ఉండి, వేళ్లకు జారుడుగా తగిలితే అది కూలెంటు. "చుక్కే కదా, తర్వాత చూద్దాంలే" అని మీవారు అన్నా సరే, మీరు మాత్రం పట్టుబట్టండి.

ఇంజను వేడిని రేడియేటరుకు మోసుకుపోయేది ఈ కూలెంటు నీళ్లే. రేడియేటరు మూత మన కుక్కరు మూతలాంటిది. లోపల ఒత్తిడి నిలిపి, 100 డిగ్రీలు దాటినా నీళ్లు మరగకుండా చూస్తుంది. గొట్టం చీలినా, క్లిప్పు వదులైనా, మూత రబ్బరు పాడైనా ఆ ఒత్తిడి నిలవదు. నీళ్లు తగ్గిపోతాయి, మిగిలినవి త్వరగా మరుగుతాయి.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. మే నెల ఎండలో ఇంటిల్లిపాదీ ఎక్కి, ఏసీ వేసుకుని పెళ్లికి బయల్దేరారనుకోండి. ఊళ్లో తిరిగినన్నాళ్లూ బయటపడని లోటు శిరివెళ్ల దగ్గర బయటపడుతుంది. టెంపరేచరు ముల్లు ఎర్రగీత వైపు పోతుంది, బానెట్టు సందుల్లోంచి ఆవిరి లేస్తుంది. నీళ్లు పూర్తిగా పోతే ఒక్కోసారి ముల్లు అసలు లేవదు కూడా! వేడి చెప్పే సెన్సారు నీళ్లలో మునిగి ఉంటేనే కదా సరిగ్గా చెప్పేది.

అప్పుడు వెంటనే ఏసీ కట్టించి, బండి పక్కకు తీయించి, ఇంజను ఆపించండి. "ఆళ్లగడ్డ దగ్గరేగా, పోదాం" అంటే ఒప్పుకోవద్దు. ఇంజను బాగా చల్లారేదాకా, అరగంటకు పైగానే ఆగాలి. ఈలోగా మూత తీస్తే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. కాలే ఇంజనులో చన్నీళ్లు పోస్తే బీటలు వారొచ్చు.

అలా ఒకసారి కాగిన కారుకు గొట్టం మార్చి ఊరుకుంటే చాలదు. ఇంజను బ్లాకుకూ, పైనుండే హెడ్డుకూ మధ్య ఒక గాస్కెట్ ఉంటుంది. వేడికి హెడ్డు వంగితే అది పాడవుతుంది. గుర్తులు ఇవి:

* ఆయిలు చూసే పుల్లకు పాలు కలిపిన కాఫీ రంగు నురగ అంటడం.
* ఇంజను వేడెక్కాక కూడా పొగగొట్టం నుంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ రావడం.
* కింద చుక్క పడకుండానే నీళ్లు తగ్గిపోతుండడం.
* రేడియేటరు నీళ్లలో బుడగలు ఆగకుండా రావడం.

వీటిలో ఏది కనిపించినా మెకానిక్కుతో ముందు ప్రెషర్ టెస్టు, కంప్రెషన్ టెస్టు చేయించమనండి. హెడ్డు విప్పితే చదునుగా ఉందో లేదో కొలిపించండి. ఆయిల్లో నీళ్లు కలిసిన బండిని అలాగే నడిపితే బేరింగులు కూడా పోతాయి. క్లిప్పు బిగిస్తే పోయే పని అప్పుడు వేలల్లోకి పాకుతుంది.

వారానికోసారి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, కూలెంటు డబ్బాలో నీళ్లు రెండు గీతల మధ్య ఉన్నాయో లేదో చూడండి. అన్నట్టు, చాలా కూలెంట్లు తియ్యగా ఉండే విషం. వాకిట్లో ఒలికితే పసిపిల్లలు, కుక్కలు నోట పెట్టకముందే తుడిచి కడిగేయండి. సీసాను వంటింటి దరిదాపుల్లో ఉంచకండేం!