కాలి కింద కేబుల్ పోయింది, కంప్యూటర్ వచ్చింది

పాతికేళ్లు, ముప్పయ్యేళ్లు కారు నడిపిన మన వాళ్లు కొత్త బండి కొనగానే చెప్పే మాట దాదాపు ఒకటే: "బండి బాగానే ఉంది గానీ, కాలి మాట వినడం లేదు." హోసూరులో ఉన్నా, బళ్లారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా ఇదే మాట. షోరూమ్ వాళ్లు "అలవాటైపోతుంది సార్" అని పంపేస్తారు. అలవాటవుతుంది, నిజమే. కానీ ఏం మారిందో తెలిసి అలవాటు పడటం వేరు, తెలియక సర్దుకుపోవడం వేరు. అరవై దాటిన వాళ్ల విషయంలో ఈ తేడా ప్రాణాల మీదికి కూడా రావచ్చు.

ఉత్తర్వు పోయి అర్జీ వచ్చింది

పాత బండ్లలో యాక్సిలరేటర్ పెడల్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఒక ఉక్కు తీగ ఉండేది. కాలు ఎంత నొక్కితే తీగ అంత లాగేది. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో ఉండే థ్రాటిల్ అనే రేకు అంత తెరుచుకునేది. కేబుల్ బిగుతు, స్ప్రింగ్ బలం అన్నీ కాలికి తెలిసేవి.

ఇప్పుడు ఆ తీగ లేదు. పెడల్ దగ్గర సెన్సర్లు ఉంటాయి. కాలు ఎంత నొక్కిందో అవి కంప్యూటర్‌కు చెబుతాయి. ఒకటి తప్పు చెప్పినా పట్టుకోవడానికి రెండు సెన్సర్లు పెడతారు. కంప్యూటర్ లెక్క చూసుకుని, చిన్న మోటారుతో రేకును తిప్పుతుంది. ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఒకప్పుడు మన కాలు ఇచ్చింది ఉత్తర్వు, ఇప్పుడు ఇచ్చేది అర్జీ. ఎంత మంజూరు చేయాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. విద్యుత్ కార్లలోనైతే ఆ రేకు కూడా లేదు, అంతా అర్జీల మీదే నడుస్తుంది.

కంపెనీలు దీన్ని సరదాకు పెట్టలేదు. 2017 ఏప్రిల్‌లో బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు దేశమంతటా అమలయ్యాయి. పొగ అంతగా తగ్గాలంటే గాలి, పెట్రోలు పాళ్లు క్షణక్షణం సరిచూడాలి. అది కాలి అంచనాతో అయ్యే పని కాదు. బండి జారకుండా చూసే ఈఎస్‌సీ, క్రూజ్ కంట్రోల్, క్లచ్ లేని ఏఎంటీ గేర్లు కూడా థ్రాటిల్ కంప్యూటర్ చేతిలో ఉంటేనే సాఫీగా పనిచేస్తాయి.

కాలికి తెలిసే తేడాలు

మొదటిది, ఆలస్యం. కుదుపు రాకుండా, పొగ పెరగకుండా కంప్యూటర్ రేకును కాస్త నిదానంగా తెరుస్తుంది. సెకనులో చిన్న భాగమే అయినా, లారీని దాటే వేళ పాత కాలు దాన్ని పట్టేస్తుంది.

రెండోది, గేరు మార్చడానికి కాలు తీసినా ఇంజిన్ మోత వెంటనే తగ్గదు. రేకు ఒక్కసారిగా మూసుకుంటే పొగలో కాలని ఇంధనం పెరుగుతుంది కనుక, నెమ్మదిగా మూస్తారు. ఇది రిపేరు కాదు, మెకానిక్‌కు డబ్బులు పోయనక్కర్లేదు.

మూడోది, పెడల్ లెక్క. కొన్ని బండ్లలో పావు వంతు నొక్కితేనే రేకు సగం తెరుచుకుంటుంది. టెస్ట్ డ్రైవ్‌లో "అబ్బ, ఎంత చురుకు!" అనిపిస్తుంది. స్పోర్ట్, ఎకో బటన్లు చాలావరకు ఈ లెక్కనే మారుస్తాయి, ఇంజిన్ బలం పెరగదు. యాక్సిలరేటర్ దగ్గర తగిలించే "థ్రాటిల్ కంట్రోలర్" డబ్బాలు చేసేదీ ఇంతే. కొనేముందు వారంటీ కాగితం ఒకసారి చదవండి.

మేలు కూడా ఉంది. ఏసీ వేసినా ఇంజిన్ కుంగదు. చాలా కొత్త బండ్లలో క్లచ్ మెల్లగా వదిలితే యాక్సిలరేటర్ తాకకుండానే ట్రాఫిక్‌లో ముందుకు కదులుతుంది.

తప్పు ఎవరిదో తేల్చేదెలా?

ఈ పద్ధతిపై పెద్ద రగడ అమెరికాలో జరిగింది. టయోటా కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయన్న ఫిర్యాదులతో 2009, 2010లో కంపెనీ లక్షల కార్లను వెనక్కి పిలిచింది. పెడల్‌ను ఇరికించే ఫ్లోర్ మ్యాట్లు, సరిగా పైకి లేవని పెడళ్లు కారణాలుగా తేలాయి. ఎలక్ట్రానిక్స్ సంగతి నాసా ఇంజినీర్లు పరిశీలించారు. అంత ప్రమాదకర వేగానికి కారణమయ్యే ఎలక్ట్రానిక్ లోపం దొరకలేదని 2011 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. అయినా 2013లో ఓక్లహామా జ్యూరీ ఒక కేసులో కంపెనీనే బాధ్యురాలిని చేసింది. వినియోగదారులను తప్పుదోవ పట్టించినందుకు 2014లో టయోటా 120 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

పాత రోజుల్లో కేబుల్ ఇరుక్కుంటే బానెట్ ఎత్తగానే కనిపించేది. అర్జీలో ఏం రాసి ఉందో, మంజూరు ఎంత అయిందో ఇప్పుడు కంటికి కనిపించదు. యూరోపియన్ యూనియన్‌లో 2024 జూలై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటిలో ప్రమాదానికి ముందు క్షణాల వివరాలు నమోదు చేసే రికార్డర్ తప్పనిసరి. ఇక్కడ కూడా ప్రమాదం తర్వాత ఆ లెక్క బండి యజమాని చేతికి రావాలని అడగాలి.

వద్దు అనగల పెడల్

పెద్దవాళ్లు బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ నొక్కే ప్రమాదాలు జపాన్‌ను చాలాకాలంగా వేధిస్తున్నాయి. అందుకే ఎదురుగా అడ్డం ఉన్నప్పుడు పెడల్ పూర్తిగా నొక్కినా బండిని ఆపే, లేదా వేగం తగ్గించే పరికరాన్ని 2028 సెప్టెంబర్ నుంచి కొత్త ఆటోమేటిక్ కార్లలో అక్కడ తప్పనిసరి చేస్తున్నారు. ఉక్కు తీగ కాలు చెప్పినదానికి వద్దు అనలేదు, కంప్యూటర్ అనగలదు. మనకు చిరాకు తెప్పించిన ఆ మార్పే ఇక్కడ ప్రాణం కాపాడుతోంది. అలాంటి రక్షణ ఖరీదైన బండ్లకే పరిమితం కాకుండా అన్నిటికీ రావాలని కోరాలి.

ఈలోగా మన జాగ్రత్త మనది. 55 దాటినవారికి లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతుంది. డాక్టరు సంతకంతో ఫారం 1ఏ ఇస్తాం. మాన్యువల్ నుంచి ఆటోమేటిక్‌కు మారారా అని అందులో ఎక్కడా అడగరు. క్లచ్ బండి మీద నలభై ఏళ్లు నడిచిన కాలికి రెండే పెడళ్లున్న బండి కొత్తే.

కనుక ఆటోమేటిక్ కొంటే మొదటి వారం ఖాళీ మైదానంలో నడపండి. ఎడమ కాలును పూర్తిగా పక్కన పెట్టి, రెండు పెడళ్లకూ కుడి కాలే వాడండి. డ్రైవర్ వైపు మ్యాట్ మీద ఇంకో మ్యాట్ వేయకండి. బండి అదుపు తప్పి దూసుకుపోతే బ్రేకును పదేపదే కొట్టకండి, అలా చేస్తే పెట్రోలు బండ్లలో బ్రేకుకు ఇంజిన్ ఇచ్చే సాయం తగ్గిపోతుంది. ఒక్కసారే గట్టిగా నొక్కి పట్టి, గేరును న్యూట్రల్‌లోకి తేవాలి. బటన్ స్టార్ట్ బండిని నడుస్తుండగా ఆపే పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది, ఇంట్లో కూర్చుని చదివి పెట్టుకోండి.

మన సంఘాలు ఉగాది వేడుకలతో పాటు ఏడాదికి ఒక పూట దీనికీ కేటాయించవచ్చు. తెలిసిన డ్రైవింగ్ శిక్షకుణ్ణి పిలిచి, పెద్దలకు తెలుగులో చెప్పించి, తలా పది నిమిషాలు నడిపించి చూపిస్తే చాలు. సందేహాలు పెద్దగా అడగడానికి మొహమాటపడేవాళ్లు మన భాషలో అయితే అడుగుతారు.