అమెరికా ఇంట్లో తూటా: ఏ రకం అనే ప్రశ్నకు ముందు

హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపూర్, యానాం... ఎక్కడి తెలుగు ఇల్లు చూసినా అమెరికాలో ఒక కొడుకో, కూతురో, అల్లుడో ఉన్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలో మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపినప్పటి నుంచి మనలో ఒక భయం ఉండనే ఉంది. భారతీయుల ఇళ్ళలో బంగారం ఉంటుందని కన్నేసిన దొంగల ముఠాల వార్తలు దానికి తోడయ్యాయి. ‘ఇంట్లో ఒక పిస్టల్ పెట్టుకుందామా, దానికి ఏ తూటా మంచిది’ అని పిల్లలు ఫోనులో అడిగితే పెద్దలం ఏం చెప్పాలి? అందుకే ఈ విషయాన్ని సభ్యుల ముందు పెడుతున్నాం.

అక్కడ అంగట్లో పిస్టల్ తూటాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఫుల్ మెటల్ జాకెట్. సీసానికి పైన రాగి తొడుగు, మొన గుండ్రంగా ఉంటుంది. ధర తక్కువ, సాధన చేసేవాళ్ళు ఇదే వాడతారు. ఒంట్లో దిగినా ఆకారం పెద్దగా మారదు కాబట్టి అవతలి వైపు దూసుకుపోయే అవకాశం ఎక్కువ. రెండోది హాలో పాయింట్. మొనలో గుంట ఉంటుంది. ఒంట్లో దిగగానే పువ్వులా విచ్చుకుని వేగం తగ్గి ఆగుతుంది. గాయం పెద్దది, కానీ వెనకున్నవారికి ముప్పు తక్కువ. అందుకే అక్కడి పోలీసులు, ఇంటి రక్షణకు కొనేవారు దీన్నే ఎంచుకుంటారు.

విచ్చుకునే తూటాకు మన దేశంతో పాత చుట్టరికం ఉంది. 1890లలో కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో బ్రిటిషువాళ్ళు తయారు చేసినందుకే దానికి ‘డమ్‌డమ్ బుల్లెట్’ అని పేరు వచ్చింది. 1899 హేగ్ ప్రకటన ఇలాంటి తూటాలను యుద్ధంలో నిషేధించింది. ఆ నిషేధం యుద్ధానికే గాని పోలీసులకూ పౌరులకూ కాదు.

1986లో మయామీలో జరిగిన కాల్పుల్లో ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఇద్దరు చనిపోయారు. దుండగుడి ఒంట్లో దిగిన తూటా గుండె దాకా చేరకుండానే ఆగిపోయింది. ఆ తర్వాతే, కండను పోలిన జెలటిన్‌లో తూటా కనీసం 12 అంగుళాలు, మించి 18 అంగుళాలు దిగాలని ఆ సంస్థ లెక్క పెట్టుకుంది. ఇక్కడే ఒక చిక్కు. అమెరికా ఇళ్ళలో లోపలి గోడలు మన ఇటుక గోడలు కావు, చెక్క చట్రానికి బిగించిన జిప్సం పలకలు. ఈ పరీక్ష నెగ్గిన ఏ తూటా అయినా అలాంటి గోడలు రెండు మూడు దాటిపోగలదు. జిప్సం పొడి గుంటలో కూరుకుపోతే హాలో పాయింట్ కూడా విచ్చుకోకుండా మామూలు తూటాలాగే పోతుంది. పక్క గదిలో పడుకున్నది మన మనవరాలే కావచ్చు. ఏ రకం కొన్నా ఈ ప్రమాదం పూర్తిగా పోదు.

వీటన్నిటికంటే ముందు వీసా కాగితం చూసుకోవాలి. హెచ్1బీ, ఎఫ్1, బీ2 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి దగ్గర తుపాకీ ఉండటమే కాదు, ఒక్క తూటా ఉన్నా అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవారి వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. 2022 సవరణ తర్వాత శిక్ష 15 ఏళ్ళ దాకా పడవచ్చు. దేశం నుంచి పంపేసే ప్రమాదమూ ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు, కానీ రాష్ట్రానికో నియమం. తెలుగువారు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో హాలో పాయింట్ ఇంట్లో ఉంచుకోవచ్చు. బయటికి తీసుకెళ్ళడానికి మాత్రం షూటింగ్ రేంజి, వేట వంటి కొన్ని సందర్భాల్లోనే అనుమతి.

అక్కడికి వెళ్ళివచ్చే పెద్దలకు ఒక హెచ్చరిక. పిల్లల బ్యాగు తెచ్చుకుంటే ప్రతి అర వెతికి చూడండి. లైసెన్సు లేకుండా తూటా దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద మన విమానాశ్రయంలో కేసు పెడతారు. ఉందని తెలియకుండా ఉన్నదానికి నేరం నిలవదని మన కోర్టులు చెప్పాయి. అయినా ఆ తీర్పు చేతికి వచ్చేదాకా తిరగాల్సింది మనమే.

మరో మాట పిల్లలతో విడిగా మాట్లాడాలి. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గర పడి, ఒంటరిగా ఉన్న బిడ్డ ఇంట్లో తుపాకీ ఉంటే భయపడాల్సింది దొంగ గురించి ఒక్కటే కాదు.

కాబట్టి పిల్లలు అడిగినప్పుడు మనం ఈ వరసలో తిరిగి అడుగుదాం. నీ వీసా ఒప్పుకుంటుందా? మీ రాష్ట్రం ఏమంటోంది? తాళం వేసే పెట్టె ఉందా? ఇంట్లో పసివాళ్ళున్నారా? నీ మనసు బాగుందా? వీటన్నిటికీ సరైన జవాబు వచ్చాకే తూటా రకం మాట. ఈలోగా బంగారాన్ని బ్యాంకు లాకరులో పెట్టమనండి, తలుపుకు గట్టి గడియ, అలారం పెట్టించమనండి. దొంగలు దేనికోసం వస్తారో అది ఇంట్లో లేకుండా చేయడం ఏ వీసా మీద ఉన్నవారికైనా చేతిలో ఉన్న పని.