కప్పిన గుడ్డ రోజూ తీయాలి



మన పిల్లలు కీబోర్డు నేర్చుకుంటున్నారంటే మాకు ఎంతో సంతోషం. పంట డబ్బుల్లోంచి మిగిల్చి వాయిద్యం కొన్న ఇళ్లు మనలో ఉన్నాయి. మాస్టారు ప్రతి శనివారం బస్సు దిగి వచ్చి గంటసేపు నేర్పి వెళ్తున్నారు. అయితే ఒక సంగతి మమ్మల్ని బాధపెడుతోంది. మాస్టారు వెళ్లాక కీబోర్డు మీద కప్పిన గుడ్డ మళ్లీ శుక్రవారం రాత్రి దాకా తీయడం లేదు. ఆ రాత్రి పిల్లవాణ్ణి గద్దించి రెండు గంటలు కూర్చోబెడుతున్నాం. వాడికి వేళ్లూ నొప్పే, మనసూ నొప్పే.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. వారానికి ఒకసారి రెండు గంటలు వాయించడం కంటే రోజుకు ఇరవై నిమిషాలు వాయించడం ఎంతో మేలు. నారుమడికి వారం నీళ్లు ఒకేరోజు పెడితే ఏమవుతుందో మీకు మేము చెప్పనక్కర లేదు.

ఈ మాట చెప్పడానికి ముందు మా తప్పు ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం, నేర్చుకోవడం మొదలుపెట్టి నాలుగు నెలలైనా కాని ఒక బాబును క్రిస్మస్ ఆరాధనలో వాయించమని మేమే కూర్చోబెట్టాం. రెండో చరణంలో వాడి చేతులు ఆగిపోయాయి. వెనక ఎవరో నవ్వారు. ఆ తర్వాత వాడు కీబోర్డు దగ్గరకు రాలేదు. తప్పు వాడిది కాదు. రోజువారీ సాధన అలవాటు చేయకుండా వేదిక ఎక్కించిన మాది.

“దేవుడు తలాంతు ఇస్తే అదే వస్తుందిలే అయ్యగారూ” అని కొందరంటారు. మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయం చూడండి. దావీదు కాలంలో సంగీత సేవకు లెక్కించిన 288 మందీ నేర్పు పొందినవారని అక్కడ ఉంది. గురువులూ శిష్యులూ కలిసే చీట్లు వేసుకున్నారు. తలాంతు విత్తనమైతే సాధన సేద్యం.

ఆ ఇరవై నిమిషాలు ఎలా గడపాలి? మొదటి ఐదు నిమిషాలు స్కేలు. సి మేజర్‌లో కుడిచేత్తో పైకి వెళ్లేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అయ్యాక బొటనవేలు కిందనుంచి దాటి నాలుగో మెట్టు మీదికి రావాలి. ఏ వేలు పడితే ఆ వేలు వేస్తే, వేళ్లు ఆ తప్పునే నేర్చుకుంటాయి. తర్వాత మార్చడం కొత్తగా నేర్పడం కంటే కష్టం.

తర్వాతి పది నిమిషాలు మాస్టారు ఇచ్చిన పాఠం. అంతా ఒకేసారి వద్దు. సోమవారం మొదటి నాలుగు బార్లు కుడిచేత్తో. మంగళవారం అవే ఎడమచేత్తో. బుధవారం రెండు చేతులూ కలిపి, మెల్లగా, ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని నోటితో లెక్కపెడుతూ. గురువారం తర్వాతి నాలుగు బార్లు, ముందు విడివిడిగా, ఆపైన కలిపి. శుక్రవారం మొత్తం. తప్పు వచ్చిన ప్రతిసారీ మొదటినుంచి ఎత్తుకోవద్దు. తప్పిన బారు దగ్గరే ఆగి, దాన్ని మూడుసార్లు సరిగ్గా వాయించి ముందుకు సాగాలి. చివరి ఐదు నిమిషాలు వాడికిష్టమైన పాట వాడిష్టం. అది తీసేయకండి, మర్నాడు వాణ్ణి మళ్లీ కీబోర్డు దగ్గరకు తెచ్చేది అదే.

ఇక రెండు బటన్ల గురించి. ఒకటి ఆటో రిథమ్. వేగం పెంచి దాని వెంట పరుగెత్తితే పిల్లవాడికి లోపల తాళం కుదరదు. పాఠం నిలకడగా వచ్చేదాకా దాన్ని ఆపి ఉంచండి. రెండోది ట్రాన్స్‌పోజ్. సి ఒక్కటే నేర్చుకుని, పాడేవారి శ్రుతికి బటన్ నొక్కి సరిపెట్టుకునే అలవాటు మన గుడుల్లో చాలా ఉంది. ఆదివారం అవసరానికి నొక్కితే నొక్కారు గానీ, నేర్చుకునే పిల్లలకు అది ఊతకర్ర కాకూడదు. జి మేజర్‌కు అదనంగా కావలసింది ఎఫ్ షార్ప్ అనే ఒక్క నల్ల మెట్టే. దానికి భయపడి జీవితమంతా బటన్ మీద ఆధారపడటం దేనికి?

“మాకు సంగీతం రాదు, మేమేం చూడగలం?” అని తల్లులు అడుగుతారు. అమ్మా, రాగం తెలియక్కర లేదు. పక్కన చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చోండి. టీవీ కట్టేయండి. “ఈరోజు ఎన్ని బార్లు వచ్చాయి నాన్నా?” అని ఒక్కమాట అడగండి. రోజూ ఒకే వేళ పెట్టండి, బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక అయినా సరే, రాత్రి అన్నానికి ముందైనా సరే. కరెంటు పోతే బల్ల మీద వేళ్లు ఆడిస్తూ నోటితో లెక్కపెట్టమనండి, అదీ సాధనే. పక్కింటి పిల్లతో మాత్రం పోల్చకండి.

పరీక్షల రోజుల్లో చదువు పాడవుతుందనే భయం మాకూ అర్థమవుతుంది. అప్పుడు పది నిమిషాలకు తగ్గించండి, పూర్తిగా ఆపకండి. ఒంట్లో బాగాలేని రోజున మాత్రం వదిలేయండి. ఇది శిక్ష కాదు.

మా వంతుగా మేమూ ఒక మాట ఇస్తున్నాం. మాస్టారు సరే అనేదాకా ఏ బిడ్డనూ ఆరాధనలో వాయించమని ఒత్తిడి చేయం. వాయించిన రోజు తప్పు పోతే పాట ఆపకుండా మనమంతా గొంతు కలుపుదాం. ఆ బాబు ఇప్పుడు పెద్దవాడయ్యాడు, గుడిలో వెనక వరుసలో కూర్చుంటాడు. వాడి ముందు మేము పోగొట్టుకున్నది ఈ పిల్లల దగ్గరైనా కాపాడుకోవాలని మా ఆశ.

ఈ సోమవారం సాయంత్రం ఆ గుడ్డ తీయండి. ఇరవై నిమిషాలు చాలు.