కంట్రోల్-స్పేస్ కొడితే సరిపోతుందా?

రంగూన్ నది ఒడ్డున సేక్కాన్ అని ఒక చిన్న పేట ఉంది. బర్మా భాషలో ఆ మాటకి అర్థం రేవు. కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో ఓడెక్కిన మనవాళ్లు దిగింది ఈ నది ఒడ్డునే. బర్మా వాళ్లు మనల్ని ‘కోరంగీలు’ అన్నది అందుకే. ఆ రేవులో బస్తాలు మోసింది, ఓడల్లోంచి సరుకు దించింది చాలావరకు మన కూలీలే. 1930 మేలో కూలి పెంచమని వాళ్లు సమ్మె కడితే, వాళ్ల చోట బర్మా కూలీలను పెట్టారు. సమ్మె తీరగానే ఆ బర్మా కూలీలను పొమ్మన్నారు. మే 26న మొదలైన అల్లర్లలో ఎందరో మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? అదే రేవులో ఈనాడు సరుకు కదలాలంటే ముందు కంప్యూటర్లో రికార్డు కదలాలి. 2016 నవంబరులో జపాన్ సాయంతో రంగూన్‌లో కస్టమ్స్ క్లియరెన్సుని ‘మాక్స్’ అనే ఎలక్ట్రానిక్ పద్ధతిలోకి మార్చారు. ఏ రేవులోనైనా ఇప్పుడు కంటైనరు ఎప్పుడొచ్చింది, ఎన్నాళ్లు యార్డులో పడి ఉంది, డెమరేజి ఎంత కట్టాలి అనేది డేటాబేసు చెప్పిందే వేదం. ఇక మన పిల్లల సంగతి చూస్తే, హైదరాబాద్, సింగపూర్, డాలస్ ఎక్కడున్నా సగం మంది ఇలాంటి డేటాబేసుల మీదే బతుకుతున్నారు. తాతల చేతిలో కొక్కెం ఉండేది. మనవల చేతిలో క్వెరీ టూల్ ఉంది. ఆ టూల్‌లో ఈమధ్య వచ్చిన ఒక మార్పు గురించే మా ఆలోచన.

క్వెరీ రాసే కిటికీలో టేబుల్ పేరు కొట్టి చుక్క పెట్టగానే కింద కాలమ్‌ల జాబితా జారుతుంది చూశారా, దాన్నే కోడ్ కంప్లీషన్ అంటారు. డీబీవర్‌లోనూ, పీజీఅడ్మిన్‌లోనూ కంట్రోల్-స్పేస్ కొడితే వస్తుంది. ఇది ఎప్పుడూ ఉన్నదే అనుకుంటారు ఇప్పటి కుర్రాళ్లు. కాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005తో వచ్చిన మేనేజ్‌మెంట్ స్టూడియోలో ఈ సౌకర్యం లేనే లేదు. కావాలంటే రెడ్‌గేట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ ప్రాంప్ట్ లాంటిది విడిగా కొనుక్కోవాలి. మైక్రోసాఫ్ట్ తన టూల్‌లో దాన్ని పెట్టింది 2008 వెర్షన్‌లోనే. అంతకుముందు మనవాళ్లు టేబుళ్ల పేర్లు కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకునేవారు.

అది పనిచేసే తీరులో మాయేమీ లేదు. ప్రతి డేటాబేసూ తన దగ్గర ఏ టేబుళ్లు, ఏ కాలమ్‌లు ఉన్నాయో ఒక కేటలాగులో రాసుకుంటుంది. టూల్ కనెక్ట్ కాగానే ఆ కేటలాగు చదివి మెమరీలో పెట్టుకుంటుంది. మనం టైపు చేస్తున్న చోటు చూసి అందులోంచి పేర్లు అందిస్తుంది. కొత్తగా టేబుల్ చేసి దాని పేరు కొడితే ఎర్ర గీత పడుతుంది, టూల్ దగ్గరున్నది పాత జాబితా గనక. మేనేజ్‌మెంట్ స్టూడియోలో అయితే కంట్రోల్-షిఫ్ట్-ఆర్ కొట్టి జాబితాని తాజా చేయాలి. ఆ కిటుకు తెలియక గంటలు పాడుచేసుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం.

ఇందులో ఒక చిక్కు పుట్టుకతోనే ఉంది. 1974లో ఐబీఎంలో చాంబర్లిన్, బాయిస్ ఈ భాషను ఇంగ్లీషు వాక్యంలా తయారు చేశారు. ముందు ‘సెలెక్ట్’ అని ఏం కావాలో చెప్పాలి, ఏ టేబుల్లోంచో ఆ తర్వాత ‘ఫ్రమ్’ అని చెప్పాలి. కాలమ్‌లు రాసేటప్పటికి ఏ టేబులో టూల్‌కి తెలియదు. ఇంక ఏం అందిస్తుంది పాపం! అందుకే చేయి తిరిగినవాళ్లు ముందు ఫ్రమ్ రాసేసి, మళ్లీ వెనక్కి వచ్చి కాలమ్‌లు నింపుతారు. 2007లో మైక్రోసాఫ్ట్ లింక్ తెచ్చినప్పుడు ఫ్రమ్‌ని ముందు పెట్టింది ఈ కంప్లీషన్ కోసమే. 2024లో గూగుల్ వాళ్లు ప్రతిపాదించిన పైప్ సింటాక్స్‌లోనూ ఫ్రమే ముందు. మనం తెలుగులో ‘ఆ బీరువాలోంచి నీలం చీర తియ్యి’ అంటాం. బీరువా ముందు, తియ్యడం చివర. బర్మా భాషలోనూ క్రియ చివరే వస్తుంది. సేక్కాన్ గుమాస్తాకీ, మన అమీర్‌పేట కుర్రాడికీ సహజంగా వచ్చే వరస కనిపెట్టడానికి ప్రపంచానికి ఇన్నేళ్లు పట్టిందన్నమాట!

అసలు విషయానికి వద్దాం. కంప్లీషన్ అందించేది పేరు. అర్థం కాదు. రేవు లెక్కల్లో ఓడ రాకకి రెండు తేదీలుంటాయి. వస్తుందనుకున్న తేదీ ఈటీఏ, నిజంగా వచ్చిన తేదీ ఏటీఏ. జాబితాలో రెండూ పక్కపక్కనే, ఒక్క అక్షరం తేడా. తొందరలో బాణం గుర్తు ఒకసారి తక్కువ నొక్కి ఎంటర్ కొట్టారనుకోండి. క్వెరీ నడుస్తుంది, ఎర్ర గీత రాదు, లెక్క వస్తుంది. మూడు రోజులు ఆలస్యంగా వచ్చిన ఓడలోని సరుకుకి రాని రోజులకి కూడా డెమరేజి పడుతుంది. కట్టేది ఎవరో చిన్న వ్యాపారి. తప్పు పట్టుకోవాలంటే ఆ తేదీల తేడా తెలిసిన మనిషి ఉండాలి.

బర్మాలో ఇంకో తలనొప్పి ఉంది. అక్కడ ఏళ్ల తరబడి జాగ్యీ అనే ఫాంటు రాజ్యమేలింది. ప్రభుత్వం 2019 అక్టోబరు 1న యూనికోడ్‌కి మారింది. పాత రికార్డుల్లో ఒకే మనిషి పేరు ఒకచోట జాగ్యీలో, ఒకచోట యూనికోడ్‌లో ఉంటే కంటికి ఒకటే, డేటాబేసుకి రెండు. మనకి అను ఫాంట్లతో అనుభవమేగా! కంప్లీషన్ ఆ కాలమ్ పేరు చక్కగా అందిస్తుంది. లోపల రెండు రకాల అక్షరాలున్నాయని మాత్రం చెప్పదు.

ఇంతవరకూ పాత కంప్లీషన్ సంగతి. దానికి తెలివి లేకపోయినా నిజాయితీ ఉంది, లేని పేరు కల్పించదు. 2021లో గిట్‌హబ్ కోపైలట్ వచ్చినప్పటి నుంచి కథ మారింది. ఇప్పుడు ఒక వాక్యం రాస్తే మొత్తం క్వెరీ రాసిస్తుంది. 2025లో మైక్రోసాఫ్ట్ మేనేజ్‌మెంట్ స్టూడియోలోకీ కోపైలట్ వచ్చింది. పని వేగం పెరిగింది, కాదనం. కానీ ఇది కేటలాగు చూసి చెప్పడం కాదు, చదివిన కోట్ల లైన్లను బట్టి ఊహించడం. కేటలాగు దానికి అందించినా ఏ కాలమ్ వాడాలన్నది ఊహే. రేవు డేటాబేసులో లేని కాలమ్ రాస్తే సరే, ఎర్రర్ వస్తుంది. ఉన్న కాలమ్‌నే తప్పుగా రాస్తే? పాత టూల్ ఈటీఏ, ఏటీఏ రెండూ చూపించి మనల్ని ఎంచుకోమనేది. కొత్తది తనే ఎంచుకుని, కనీసం రెండోది ఉందని కూడా చూపించదు. 2025 జూలైలో రెప్లిట్ ఏజెంటు ఏ మార్పులూ చేయొద్దని చెప్పిన సమయంలోనే నడుస్తున్న డేటాబేసుని చెరిపేసింది, ఆ కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పారు. అది కంప్లీషన్‌కి ఇంకో మెట్టు పైన, రాయడమే కాదు, నడపడం కూడా. అమెరికాలో జరిగింది కాబట్టి ప్రపంచానికి తెలిసింది.

సేక్కాన్‌లో ఇంకో ప్రశ్న ఉంది. ఈ కొత్త టూళ్లు చాలావరకు ఇంటర్నెట్ మీద నడుస్తాయి. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక ఆ నెల మధ్య నుంచి వారాల తరబడి రాత్రిళ్లు నెట్ కట్. మార్చి మధ్యలో మొబైల్ డేటా, ఏప్రిల్ మొదట్లో వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ ఆపేశారు. 2025 జనవరిలో వచ్చిన సైబర్ చట్టం అనుమతి లేకుండా వీపీఎన్ నడిపితే శిక్ష అంటోంది. కరెంటు సంగతి సరేసరి. అలాంటి చోట క్లౌడ్‌లో ఉన్న తెలివి ఎప్పుడు అందుతుందో, ఎప్పుడు అందదో. లోకల్ నెట్‌వర్క్‌లో కేటలాగు చదివే పాత కంప్లీషన్ మాత్రం జనరేటర్ మీద కూడా నడుస్తుంది. పైగా క్వెరీతో పాటు మన టేబుళ్ల వివరాలు బయటి సర్వర్లకి వెళ్లడం ఏ రేవుకైనా, ఏ బ్యాంకుకైనా ఆలోచించవలసిన మాటే.

మనవాళ్లకి దీంట్లో ఉద్యోగం ముడిపడి ఉంది. టేబుల్ పేర్లు గుర్తుంచుకోవడమే పనితనం అనుకున్న రోజులు పోయాయి. క్వెరీ రాయడమే పనితనం అనుకునే రోజులూ పోతున్నాయి. 1930లో కూలీ మారినా బస్తా అదే. ఇక్కడ అలా కాదు, ఆ కాలమ్‌లో ఏముందో తెలిసిన మనిషిని తీసేస్తే చోటు ఖాళీయే. కానీ అది తెలిసిన మనిషి అని ఎవరికి తెలియాలి? మన కుర్రాళ్లు చాలామంది ప్రాజెక్టులో చేరిన మొదటి వారమే క్వెరీలు కొట్టడం మొదలుపెడతారు, ఆ కాలమ్ ఎవరు నింపుతారో అడగరు. అడిగితే చిన్నతనం అనుకుంటారు. కోచింగ్ సెంటర్లలోనూ షార్ట్‌కట్లు చెబుతారు గానీ ఇది చెప్పరు.

చేయగలిగింది కొంత ఉంది. రిపోర్టులు తీసేవాళ్లకి చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న లాగిన్ ఇవ్వాలి, కంప్లీషన్ ఏం రాసిచ్చినా డేటా చెరగదు. ఇంకోటి, ఒరాకిల్‌లోనూ పోస్ట్‌గ్రెస్‌లోనూ ప్రతి కాలమ్‌కీ ఒక వ్యాఖ్య రాసి పెట్టుకోవచ్చు. కొన్ని టూళ్లు కంప్లీషన్ జాబితాలో పేరు పక్కన దాన్ని చూపిస్తాయి కూడా. తెలుగులో రాసినా, బర్మీస్‌లో రాసినా అభ్యంతరం లేదు. మేము చూసిన డేటాబేసుల్లో నూటికి తొంభై వాటిల్లో ఆ చోటు ఖాళీ. ఏటీఏ పక్కన ‘నదిలో లంగరు వేసిన తేదీ కాదు, గట్టుకి చేరిన తేదీ’ అని రాయడానికి రెండు నిమిషాలు చాలు.